ఉభయ కావేరీ మధ్యమున శ్రీరంగ నగరము

వైష్ణవ సంప్రదాయమున ‘కోయిల్’ అని విశేషణమేమియు చేర్చక పలికినచో శ్రీరంగమని అర్థము. ‘తిరుమల’ యన్న వేంకటాచలము. ‘పెరుమాళ్ కోయిల్’ అన్న కాంచీపురము. పూర్వులు శ్రీరంగమునకు ఊరి పేరును గాని నది పేరును గాని వాడక ‘గుడి’ అను సామాన్య నామమునే ఏల ఇచ్చిరో, ఆ నగరమున రెండు దినములు నిలిచి తిరిగిన వారికి తానై తోచును. ఇతర క్షేత్రములందు ఊరిలో గుడి యుండును. ఇచ్చట గుడిలోనే ఊరున్నది. 156 ఎకరముల ఆవరణమున ఏడు ప్రాకారములు, ఇరువది యొక్క గోపురములు. వెలుపలి ప్రాకారముల నడుమ ఇండ్లు, అంగళ్ళు, మఠములు, పాఠశాలలు. పాలు పోయువాడును, పత్రికలు పంచు బాలుడును గోపుర ద్వారముల క్రిందుగనే నిత్యము రాకపోకలు సాగింతురు.

మన యాత్రికులలో పెక్కుమంది ఉదయపు రైలుబండిలో దిగి, వరుసలో నిలిచి, శేషశయనుని క్షణకాలము సేవించి, సాయంకాలమునకు మధురకో రామేశ్వరమునకో బయలుదేరుదురు. అది తప్పనుటకు వీలులేదు. ఎవరి వ్యవధి వారిది. అయినను ఆ స్వామి సేవ నిత్యము సాగుటకు ఎన్ని చేతులు, ఎన్ని వృత్తులు, ఎంత నీరు అవసరమగుచున్నవో తెలిసికొన్నచో మరల వెళ్ళినపుడు కన్నులు వేరుగా చూచును. ఈ వ్యాసము ఆ యెఱుకకు ఉద్దేశింపబడినది.

మొదట నదిని గూర్చి. తిరుచిరాపల్లికి పడమట దాదాపు 18 కిలోమీటర్ల దూరమున ముక్కొంబు అను చోట కావేరి రెండు పాయలగును. దక్షిణపు పాయకు కావేరి యనియే పేరు. ఉత్తరపు పాయ కొల్లిడము. ఈ రెండింటి నడుమ ఏర్పడిన లంకయే శ్రీరంగము. పంచభూత లింగములలో జలలింగమగు జంబుకేశ్వరుడు వెలసిన తిరువానైక్కావలును ఈ లంకలోనిదే. కొల్లిడము పల్లమున పాఱునది, వెడల్పైనది. వరద వచ్చినపుడు నీటిని సముద్రమునకు చేర్చునది. కావేరి మెరకన పాఱుచు తంజావూరు మాగాణులకు నీరందించునది. లంకకు దిగువన ఈ రెండు పాయలును మరల సమీపించు చోట, కావేరి నీరు కొల్లిడమున పడిపోకుండ అడ్డగించినదే కల్లణై. దానిని కరికాల చోళుడు నిర్మించెనని ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున కొల్లిడము నానాటికి లోతై నీటినంతయు లాగుకొనుచుండగా, కావేరి పాయ ఇసుకతో పూడి, తంజావూరు సీమ ఎండిపోవు స్థితి వచ్చెను. అప్పుడు 1836లో ముక్కొంబువద్ద కొల్లిడమునకు అడ్డముగా ఆనకట్ట ప్రారంభించినవాడు మన గోదావరి జిల్లాల వారికి చిరపరిచితుడైన కాటన్ దొరయే. ఇసుక నేలపై పునాది నిలుపు విద్యను తాను కల్లణై కట్టిన ప్రాచీనుల పనిని చూచి నేర్చితినని ఆయన చెప్పుకొనెను. ఆ విద్యయే తరువాత 1847లో ధవళేశ్వరమునకు వచ్చి, 1852 నాటికి గోదావరీ డెల్టాను సస్యశ్యామల మొనర్చినది. కోనసీమలో అన్నము తినువాడు కావేరికిని కొంత ఋణపడియున్నాడన్నమాట.

ఈ నదితో స్వామికి గల బాంధవ్యము పుస్తకములలో మాత్రమే యుండునది కాదు. సంవత్సరము పొడవునను తిరుమంజనమునకు కొల్లిడమునుండి వెండి కుండలతో తీర్థము తెత్తురు. తులా మాసమున మాత్రము కావేరినుండి బంగారు కుండతో, ఏనుగుపై, వాద్యములతో తెత్తురు. ఆడి మాసమున నది పొంగు వేళ ఉత్సవమూర్తి అమ్మ మండపపు రేవునకు వేంచేసి, కావేరికి చీర, పసుపు, కుంకుమ మొదలగు సారె సమర్పించును. ఆడపడుచుకు పుట్టినింటి వారు సారె పంపిన రీతిగా నుండు ఆ దృశ్యమును చూచిన తెలుగు స్త్రీలకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఆ దినములలోనే ఊరి స్త్రీలు రేవునకు చిత్రాన్నములు కట్టుకొని వచ్చి, నదిని పూజించి, ఒడ్డుననే కూర్చుండి భుజింతురు.

కాని నేడు ఆ పొంగు ఏటేట నిశ్చయముగా వచ్చునది కాదు. 1934లో పూర్తియైన మేట్టూరు జలాశయము నుండి నీరు విడిచిననే రేవున నీరు. ఎగువ రాష్ట్రముతోడి జలవివాదము దశాబ్దముల తరబడి సాగినది. 1990లో న్యాయమండలి ఏర్పడెను, 2007లో దాని తుది నిర్ణయము వెలువడెను, 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చెను. నీరు రాని సంవత్సరములందు అమ్మ మండపము వద్ద గొట్టపు బావి నీటిని కుళాయిల ద్వారా తలపై పోసికొని భక్తులు స్నాన మైనదనుకొనిరి. తీర్పు వచ్చిన ఆ 2018వ సంవత్సరముననే, ఆగస్టులో, వరద పొంగి ముక్కొంబు వద్ద కొల్లిడముపై గల పాత కట్టడపు ద్వారములు కొన్ని కొట్టుకొనిపోయినవి. నీరు లేని కొరతయు, నీరు పట్టరాని ముప్పును ఒకే యేట చూచిన నగరమిది. దాని స్థానమున క్రొత్త కట్టడము వెలసినది. సారె సమర్పణ సంప్రదాయము మాత్రము నిలిచియే యున్నది.

ఇక వీథులు. శ్రీరంగపు వీథులు ఊరు పెరిగిన కొలది ఏర్పడినవి కావు. స్వామి తేరు తిరుగుటకు ఏర్పడినవి. ఉత్తిర వీథులు నాలుగు, చిత్తిరై వీథులు నాలుగు. తై మాసపు రథము ఉత్తిర వీథులలోను, చిత్తిరై రథము చిత్తిరై వీథులలోను సాగును. చిత్తిరై ఉత్సవమునకు ‘విరుప్పన్ తిరునాళ్’ అని పేరు. విజయనగర రాజవంశీయుడు విరూపణ్ణ ఒడయరు 1383లో దీనిని నెలకొల్పినందున ఆ పేరు వచ్చినది. ఈ తేరునకు చుట్టుపట్ల గ్రామముల రైతు కుటుంబములు వేలాదిగా వచ్చును. పట్టణపు భక్తులు వైకుంఠ ఏకాదశికి వత్తురు, పల్లె జనము చిత్తిరై తేరునకు వత్తురని అచ్చటివారు చెప్పుకొందురు. రెండును చూడదగినవే. తిరునాళ్ళ అంగళ్ళు, ఎడ్లబండ్లు, నేలపై కూర్చుండి అమ్మకములు సాగించు ముదుసళ్ళు కావలెనన్నచో చిత్తిరైయే మేలు.

వైకుంఠ ఏకాదశి ఉత్సవము ఇరువది యొక్క దినములు. పగల్ పత్తు, రాపత్తు అని రెండు భాగములుగా నాలాయిర దివ్యప్రబంధము సన్నిధిలో వినిపింపబడును. అరయర్లు అను సేవకులు కుళ్ళాయి ధరించి, తాళములు చేబూని, పాశురములను గానాభినయములతో సమర్పింతురు. వేయికాళ్ళ మండపమున స్వామి కొలువు, ముత్యాల కవచమున ముత్తంగి సేవ, పరమపద ద్వారము తెఱచు తెల్లవారుజామున ఆ వీథులలోని జనసమ్మర్దము, వీనిని వ్రాయుటకంటె చూచుట సులభము.

ఈ సేవలన్నిటికిని ఒక కట్టుబాటు ఏర్పఱచినవారు శ్రీమద్రామానుజులు. అర్చకులు, పాచకులు మాత్రమే గాక తోటమాలి, పూలు కట్టువాడు, చాకలి, కుమ్మరి, వడ్రంగి, పల్లకి మోయువాడు, పడవ నడుపువాడు, వీరెల్లరును ఎవరికేది విధియో, ఎవరికెంత ప్రసాదభాగమో నిర్ణయమున్న కైంకర్యపరులైరని ఆలయ చరిత్రయగు ‘కోయిల్ ఒళుగు’ వివరించును. నేటి పరిభాషలో చెప్పవలెనన్న ఇది ఒక నగరపు ఆర్థిక వ్యవస్థ. జీతము ధాన్యము రూపమున, మర్యాద తీర్థప్రసాదముల రూపమున లభించెడివి. ఆలయమునందలి గుండ్రని మహా ధాన్యాగారములను చూచినచో కావేరి మాగాణుల పంట ఎంత లెక్కన ఇచ్చటికి చేరెడిదో ఊహింపవచ్చును. రామానుజుల ఆజ్ఞపై పుష్పకైంకర్యమునకై శ్రీరంగమును విడిచి తిరుమల కొండపై తోట వేసిన అనంతాళ్వారు ఈ కట్టుబాటులో పెరిగినవాడే. ఆయన గునపమును తిరుమల మహాద్వారమున నేటికిని చూచుచున్నాము. అంతకు పూర్వమే శ్రీరంగమున తులసిమాలలు కట్టి జీవించిన తొండరడిప్పొడి ఆళ్వారు మనకు విప్రనారాయణుడుగా సుపరిచితుడు. సారంగు తమ్మయ్య ‘వైజయంతీ విలాసము’ ఆ కథయే. ఆముక్తమాల్యదలో గోదాదేవి చేరుకొన్న సన్నిధియు ఇదియే.

ఈ కట్టుబాటునకు పరీక్ష 1323లో వచ్చినది. ఢిల్లీ సేనలు శ్రీరంగముపై పడినవి. మూలమూర్తికి అడ్డముగా గోడ కట్టి, పిళ్ళై లోకాచార్యులు ఉత్సవమూర్తిని గొని దక్షిణమునకు వెడలిరి. వృద్ధులైన ఆ ఆచార్యులు జ్యోతిష్కుడి అను చోట పరమపదించిరి. వేదాంత దేశికులు శ్రుతప్రకాశికా గ్రంథమును కాపాడుకొనుచు కర్ణాటకమునకు చేరిరి. వెళ్ళై యను దేవదాసి సేనానిని తూర్పు గోపురముపైకి కొనిపోయి క్రిందికి త్రోసి తానును ప్రాణములు విడిచెనని, ఆ గోపురమునకు నేటికిని తెల్ల సున్నము వేయుట ఆమె స్మృతి చిహ్నమని అచ్చటివారు చెప్పుదురు. ఉత్సవమూర్తి పలు తావులు తిరిగి తుదకు తిరుమలకు చేరి, నేడు మనము రంగనాయకుల మండపమని పిలుచుచున్న చోట ఆరాధన లందుకొనెను. 1371లో విజయనగర ప్రతినిధి, సెంజి నేలిన గోపణార్యుడు స్వామిని మరల శ్రీరంగమునకు కొనివచ్చి ప్రతిష్ఠ జరిపెను. ఆలయమునందలి శాసనము దీనికి సాక్ష్యము.

నలువది యెనిమిది సంవత్సరములు! ఒక తరము గతించినది. స్వామి లేని కాలమున మరియొక మూర్తిని ప్రతిష్ఠించి పూజలు నడపుచుండిరి. ఇప్పుడు వచ్చినది అసలు మూర్తియే యని నిశ్చయించు వారెవరు? పూర్వపు స్వామిని చూచి యెఱిగినవారు దాదాపు ఎవరును మిగులలేదు. అప్పుడు వయసు మీఱి చూపు పోయిన ఒక చాకలి ముందుకు వచ్చెనట. స్వామి ఉడుపులు ఉతుకుట అతని వంశపు కైంకర్యము. తిరుమంజనము చేసి తడిసిన వస్త్రమును పిండి ఆ నీటిని తనకిమ్మనెను. రెండు మూర్తుల వస్త్ర తీర్థములను వేఱువేఱుగా పుచ్చుకొని, ఒకదాని పరిమళమును గుర్తించి ‘నమ్పెరుమాళ్’, అనగా ‘మన స్వామి’ అని కేక వేసెను. శ్రీరంగపు ఉత్సవమూర్తికి నాటినుండి నేటివఱకు అదియే పేరు. పండితులు, రాజులు, సేనాపతులు గల నగరమున స్వామి నామమును నిర్ణయించినది చాకలి నాలుక యని ఆ సంప్రదాయము దాచక చెప్పుకొనుట గమనింపదగినది. కావేరి యొడ్డున నిలిచి దూరమునుండియే పాడుకొన్న తిరుప్పాణాళ్వారును లోకసారంగముని తన భుజములపై ఎత్తుకొని గర్భగృహమునకు చేర్చినదియు ఈ నగరముననే.

వంటశాల విషయము చెప్పక శ్రీరంగమును గూర్చి వ్రాయుట అసంపూర్ణము. ఇచ్చటి మడపళ్ళిలో స్వామికి అన్నము ఏనాటి కానాడు క్రొత్త మట్టి కుండలలో వండుదురు. నిన్నటి కుండ నేటికి పనికిరాదు. అందుచే కుమ్మరి సారె ఒక్క దినమును ఆగుటకు వీలులేదు. రాత్రి ఆరగింపగు ‘అరవణై’ బెల్లము, నెయ్యి చేర్చి వండిన అన్నము. పాలతో కూడ నివేదింతురు. తెలుగువారికి వింతగా తోచునది ఉదయపు నివేదనలో గోధుమ రొట్టె, వెన్న. తురుష్క రాజకన్య యొకతె స్వామిపై అనురాగముతో వెంట వచ్చి ఐక్యమైనదను కథకు స్మారకముగా ఆమెకు తుళుక్క నాచ్చియార్ అను పేర సన్నిధియు, ఆమె దేశపు ఆహారమగు రొట్టెయు ఏర్పడినవి. 1323 నాటి గాయము తెలిసిన ఊరే ఈ రొట్టెను కూడ నిత్యము నివేదించుచున్నది.

ఇండ్లలోని వంటయు ఆలయపు వంటను అనుసరించియే యుండును. ఆచారవంతుల ఇండ్లలో చారును ‘సాత్తముదు’ అనియు, కూరను ‘కఱియముదు’ అనియు, పాయసమును ‘తిరుక్కణ్ణముదు’ అనియు అందురు. ప్రతి పదార్థపు తుదను అముదు, అనగా అమృతము, చేరియుండును. నీరుల్లి, వెల్లుల్లి కానరావు. మార్గశీర్షమున తిరుప్పావై ఇరువది యేడవ దినమున ఇంటింట పాలు, బియ్యము, బెల్లము, నేయి కలిసిన అక్కారవడిశల్ తప్పదు. దానిలో నెయ్యి కొలత తగ్గించి ‘వైద్యుడు వలదన్నాడు’ అను గృహిణులు ఇటీవల పెరిగినారు గాని, ఆ దినమున ఎవరును వైద్యుని తలచుకొనరాదని నా అభిప్రాయము. పులియోదరై మన పులిహోరకు దగ్గర బంధువే; వేయించి పొడిచేసిన దినుసుల వలన రంగు కొంత నలుపు. ఇక యాత్రికులకు 2012 నుండి ఆలయమున రోజంతయు అన్నదానము జరుగుచున్నది.

భోజనము వడ్డించు ఆకు సంగతియు తెలియదగినదే. తిరుచిరాపల్లి ప్రాంతము అరటికి పెట్టినది పేరు. ఆకు విస్తరికి, పువ్వును దూటయు కూరకు, పండు నివేదనకు, పట్టనుండి తీసిన నార పూలదండలు కట్టుటకు, బోదె తోరణమునకు. అరటిలో పారవేయునది లేదు. జాతీయ అరటి పరిశోధన కేంద్రము 1993లో ఈ నగరమునకే వచ్చినది.

లంకకు దక్షిణపు గట్టున, తిరుచిరాపల్లిలో భాగమైన ఉఱైయూరు తొలి చోళుల రాజధాని. కమలవల్లీ తాయారు జన్మస్థలము. ఇచ్చటి సన్నని నూలు వస్త్రములు క్రీస్తు శకము తొలి శతాబ్దిలోనే యవన వర్తకుల ఓడలకెక్కినవని ‘పెరిప్లస్’ అను నావికా గ్రంథమువలన తెలియుచున్నది. మీన మాసమున నమ్పెరుమాళ్ కావేరిని దాటి ఈ ఊరికి వేంచేసి కమలవల్లితో కొలువుండును. తిరిగి వచ్చినపుడు శ్రీరంగనాచ్చియార్ తలుపు మూసి ప్రణయకలహ మొనర్చుట, నమ్మాళ్వారు మధ్యవర్తియై సంధి చేయుట ఉత్సవమున ఒక ఘట్టము. తెల్లదొరల కాలమున ఇదే ప్రాంతము చుట్టలకు పేరుపడెను. తిరుచిరాపల్లి చుట్టలు సముద్రములు దాటిపోయినవి. తరువాత కృత్రిమ వజ్రములను సానబట్టు పని వేలాది కుటుంబములకు కూడుపెట్టి, యంత్రముల పోటీకి క్రమముగా సన్నగిల్లెను. 1928లో పొన్మలై రైలు కర్మాగారము, 1965లో తిరువెఱుంబూరున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి బాయిలర్ల కర్మాగారము వచ్చిన పిమ్మట ఉద్యోగముల నగరమైనది. ప్రాకారముల లోపలి ఇండ్లలో నివసించి, ఉదయము విశ్వరూప సేవ ముగించుకొని కర్మాగారమునకు పోయిన తరమొకటి ఇప్పుడు వార్ధక్యమున నున్నది. వారి సంతానములో పెక్కురు దూరదేశములందున్నారు. వీథుల ప్రక్కనున్న పాత తిన్నెల ఇండ్లలో కొన్ని తాళము వేసియున్నవి, కొన్ని వసతి గృహములైనవి. ఆలయమును రాళ్ళతో మాత్రమే కాపాడజాలమని తెలిసినవారికి ఇది చింత కలిగించు విషయము.

తెలుగువారికి ఈ నగరముతో గల సంబంధము మరికొంత చెప్పవలసియున్నది. మధుర నాయకులలో విజయరంగ చొక్కనాథుడు (1706–1732) తిరుచిరాపల్లిలో రాజ్యమేలుచు తెలుగున ‘శ్రీరంగ మాహాత్మ్యము’ రచించెను. ఆయనయు రాణియు అంజలి ఘటించి నిలిచిన ప్రతిమలను ఆలయమున నేటికిని చూడవచ్చును. త్యాగరాజస్వామి ఇచ్చటకు వచ్చి స్వామిపై తెలుగున ఐదు కృతులు రచించిరి. వానిని శ్రీరంగ పంచరత్నములందురు. అర్ధాంతరముగా మొండిగా నిలిచిపోయిన దక్షిణపు రాయగోపురమును పదుమూడు అంతస్తులతో, 236 అడుగుల ఎత్తున 1987లో పూర్తి చేయించినది, మన అహోబిలమున మొలకెత్తిన అహోబిల మఠపు నలువది నాలుగవ పీఠాధిపతులు. తమిళ దేశమున కొన్ని శతాబ్దములు నిలిచిపోయిన పనికి ఆ మఠమే పూనుకొనుట మనకు సంతోషకరము.

తిరుమల శ్రీరంగముల నడుమ వస్త్రముల రాకపోకలును 2006 నుండి సాగుచున్నవి. కార్తిక మాసమున కైశిక ఏకాదశీ సమయమున తిరుమల నుండి పట్టువస్త్రములు నమ్పెరుమాళ్ళకు చేరును. జూలై నడుమ ఆణివార ఆస్థానము నాడు శ్రీరంగము నుండి పట్టువస్త్రములు తలపై మోసికొని మాడవీథుల గుండ ఊరేగింపుగా తెచ్చి శ్రీవేంకటేశ్వరునకు సమర్పింతురు. ఆ దినమున కొండపై నుండు భక్తులు మహాద్వారము వద్ద కొంత ముందుగా నిలిచినచో ఆ పళ్ళెరములను దగ్గఱగా చూడవచ్చును.